పేరుకు ఎర్గోనామిక్, కొలతలు మాత్రం గల్లంతు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచి పని చేసేవారు పెరిగాక మన నగరాల్లో ‘ఎర్గోనామిక్’ (అంటే శరీరానికి అనువుగా మలచినది) అన్న పేరు తగిలించిన డిజైనర్ కుర్చీలు విరివిగా అమ్ముడవుతున్నాయి. ఈ తరహా కుర్చీలకు ఒరవడి పెట్టిన వాటిలో ముఖ్యమైనది 1994లో హెర్మన్ మిల్లర్ సంస్థ తెచ్చిన ఏరాన్. డాన్ చాడ్విక్, బిల్ స్టంఫ్ రూపొందించిన ఆ కుర్చీ మందపాటి ఫోమ్‌కు బదులు గాలి ఆడే మెష్‌ను, అంటే వలలాంటి అల్లికను వాడటమే కాక, అందరి ఒడ్డూ పొడుగూ ఒకేలా ఉండవని గుర్తించి ఎ, బి, సి అనే మూడు సైజుల్లో వచ్చింది. మన మార్కెట్లో మెష్‌ను అనుకరించినంత శ్రద్ధగా సైజులను అనుకరించినవారు అరుదు.

మా ఇంట్లో కొన్న కుర్చీనే చూడండి. పూర్తిగా కిందికి దించినా మా అమ్మాయి పాదాలు నేలకు ఆనవు, సీటు అంచు మోకాళ్ల వెనుక ఒత్తుకుంటుంది, నడుముకు ఆసరా కావలసిన భాగం వీపు మధ్యలో పొడుచుకుంటుంది. చేతులు ఆనించుకునే భాగం బల్లకు తగిలి కుర్చీ లోపలికి జరగనే జరగదు. చూడముచ్చటగా ఉందన్న మాట మాత్రం నిజం!

పని కుర్చీల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 17631 అనే ప్రమాణం ఉన్నా, ఆ సంగతి దుకాణాల్లో చెప్పేవారు లేరు. సీటు కనిష్ఠ ఎత్తు, లోతు, మోయగల బరువు ప్రతి కుర్చీపైనా తెలుగులో ముద్రించాలి. సిబ్బందిని ఇంటి నుంచి పని చేయమనే సంస్థలు కుర్చీ ఖర్చు భరించి, ఎవరికి సరిపడేది వారే ఎంచుకునే వీలు కల్పించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్