వార్షిక నివేదిక: ఈ ఏడాది శశి కపూర్‌తో

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది పంచాంగ శ్రవణం, రక్తదాన శిబిరం, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జత చేశాం. మిగతా చోటంతా సినిమా విభాగానికే ఇస్తున్నాను.

ఏడాదికో నటుడి గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి హిందీ నటుడు శశి కపూర్ అనగానే "మనవాళ్లు ఎవరూ దొరకలేదా?" అని పెద్దలు కొందరు గట్టిగానే అడిగారు. ఇన్నేళ్లుగా ముంబైలో ఉంటూ జుహూలో ఆయన కట్టించిన పృథ్వీ థియేటర్ గడప తొక్కనివాళ్లం మనలో చాలామందే ఉన్నామని అన్నాక ఊరుకున్నారు.

మొదటి ప్రసంగం నిజానికి శశి తండ్రి గురించే నడిచింది. పృథ్వీరాజ్ కపూర్ 1944లో నాటక కంపెనీ పెట్టి ఊరూరా తిప్పారు. ఆట అయ్యాక జోలె పట్టుకుని, తల వంచుకుని గుమ్మం దగ్గర నిలబడేవారు. జనం వేసిన డబ్బు సహాయ కార్యక్రమాలకు వెళ్లేది. (చందా అడగడానికి మొహమాటపడే మన కమిటీవాళ్లు గమనించాలి.) 1938లో కలకత్తాలో పుట్టిన శశి చిన్నప్పుడే ఆ స్టేజీ ఎక్కారు. 'ఆవారా' సినిమాలో హీరో పాత్ర రాజ్ చిన్నప్పటి వేషం ఆయనదే. షేక్‌స్పియర్ నాటకాలు ఆడుతూ దేశమంతా తిరిగే కెండల్ బృందంలో జెన్నిఫర్ పరిచయమైంది. 1958లో పెళ్లి చేసుకున్నారు.

డెబ్బైల్లో షిఫ్టు మీద షిఫ్టు చేస్తుంటే అన్న రాజ్ కపూర్ ఆయన్ని 'టాక్సీ' అని ఎగతాళి చేశారు. 'దీవార్' (1975)లో తనకంటే నాలుగేళ్లు చిన్నవాడైన అమితాబ్‌కి తమ్ముడిగా వేశారు. ఆ సినిమాల్లో కొన్ని ఇప్పుడు చూడలేమని నా అభిప్రాయం. కానీ అక్కడ సంపాదించింది ఎటు పోయిందో చూడాలి, ఆయనే నిర్మించిన సినిమాల్లోకి: 'జునూన్', 'కలియుగ్', '36 చౌరంగీ లేన్'. 1984లో 'ఉత్సవ్' బాగా నష్టం తెచ్చింది. జెన్నిఫర్ క్యాన్సర్‌తో పోయింది కూడా ఆ ఏడాదే.

'జునూన్', 'కలియుగ్' తీసిన శ్యామ్ బెనెగళ్ మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారే, తెలుగులో 'అనుగ్రహం' కూడా తీశారు. ఈ సంగతి చెప్పాకే వెనక వరసలో కబుర్లు ఆగాయి.

ఇక పృథ్వీ థియేటర్ ప్రయాణం. తండ్రి పేరు నిలబెట్టడానికి శశి, జెన్నిఫర్ కలిసి కట్టించిన ఈ హాలు 1978లో తెరిచారు. రెండు వందల సీట్లు ఉంటాయేమో, స్టేజీకి మూడు పక్కలా జనమే. ముందు వరసలో కూర్చుంటే నటుడి నుదుటి మీద చెమట కనిపిస్తుంది, కాళ్లు చాపుకోవడానికి మాత్రం వీలుండదు. మనవాళ్లు ఇంటర్వెల్‌లో చాయ్ దగ్గర కూడా నాటకం గురించే వాదించుకున్నారు. తండ్రికి, అన్నకు వచ్చిన ఫాల్కే అవార్డు 2015లో శశికి అందించింది ఈ ఆవరణలోనే. అప్పటికే ఆయన వీల్‌చైర్‌లో ఉన్నారు. 2017 డిసెంబర్ 4న కన్నుమూశారు.

వచ్చే ఏడాదికి ఎవరన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం. ఎస్వీ రంగారావు, కన్నాంబ పేర్లు ఇప్పటికే వచ్చాయి. పృథ్వీకి మళ్లీ వెళ్దామనేవాళ్లు కోశాధికారి దగ్గర పేర్లు రాయించండి. టికెట్ డబ్బులు ముందే కట్టాలి.

కార్యదర్శి