మార్కెజ్ మీద నెపం వేసి ఊరుకోవద్దు

సంపాదకుడికి నమస్కారం.

ఫుట్‌బాల్ కోచ్ మనోలో మార్కెజ్ క్లబ్బులకే తప్ప దేశానికి పనికిరాలేదంటూ మీ క్రీడాపేజీలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులైంది. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు.

భారత జట్టు కోచ్‌గా ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు. ఆ లెక్క నిజమే. 2025 జూన్ 10న హాంకాంగ్‌లో ఆఖరి నిమిషాల పెనాల్టీతో ఓడినప్పుడు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. కానీ అంతకు నెల ముందే, మే 3న, అదే మనిషి ఫైనల్లో జంషెడ్‌పూర్‌ను 3-0తో ఓడించి ఎఫ్‌సీ గోవా క్లబ్బుకు సూపర్ కప్ తెచ్చిపెట్టాడు. నెల తిరిగేసరికి ఆట మర్చిపోయాడా? వ్యాసంలో ఆ కప్పు ఊసే లేదు.

2020లో ఆయన వచ్చేనాటికి మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగు జట్టు. రోజూ అదే కుర్రాళ్లతో పనిచేశాడు. ఆకాశ్ మిశ్రా లాంటివాళ్లు ఆయన చేతిలోనే రాటుదేలి దేశానికి ఆడారు. మొదటి ఏడు ఐదో స్థానం, మరుసటి ఏడు చాంపియన్లు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపుతుంటే టీవీ ముందు నిలబడే చూశాం. కొవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ చూడకుండానే మన ఊరికి కప్పొచ్చింది.

ఆ కప్పును ఏం చేసుకున్నాం? ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లోనే జీతాలందక విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచి జట్టు చివరన నిలిచింది. 2025లో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. అప్పుడు ఏ నాయకుడైనా నోరు విప్పాడా?

జాతీయ జట్టు సంగతి ఇంకా ఘోరం. 2024 జులైలో భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆయన్ను కోచ్‌ను చేసి, సీజన్ మొత్తం గోవా క్లబ్బునూ చూసుకోమంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టించింది ఎవరు? జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్లు చేతికొచ్చేది విడతకు కొద్ది రోజులే. ఆ నవంబర్ 18న మలేసియా మ్యాచ్‌కు గచ్చిబౌలి వెళ్లాను. మన గోల్‌కీపర్ ముందుకొచ్చి బంతి అందుకోలేక గోల్ పడగానే, హైదరాబాద్ ఎఫ్‌సీ పాత పసుపు జెర్సీ వేసుకుని నా పక్కన కూర్చున్న కుర్రాడు తల పట్టుకున్నాడు. 1-1తో ముగిసింది. ఆ ఏడాది మొత్తం భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అందులో సగానికి పైగా మ్యాచ్‌లు మార్కెజ్ రాకముందువే.

వెనకటి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కూడా హైదరాబాద్ పోలీసు జట్టునూ దేశాన్నీ కలిపి నడిపారు కదా అంటారు. నడిపారు. ఆ పోలీసు కుర్రాళ్లే దేశం జట్టులోనూ ఉండేవారు, వాళ్లతో ఏళ్ల తరబడి పనిచేశారు. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయినా ఆయన్ను తీసేయలేదు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఈ రోజుల్లో అయితే ఆ పది గోల్స్ పడిన మర్నాడే ఇంటికి పంపేవారు.

అలాంటి ఊళ్లో ఇప్పుడు పిల్లలకు గ్రౌండే కరువు. మా వాడలోని మైదానం సగం కార్ల పార్కింగ్, మిగతా సగం పెళ్లిళ్ల షామియానాలు. అర్జీ పెట్టి రెండేళ్లయింది, వచ్చి చూసినవాడు లేడు. మా అక్క కొడుకు బూట్లు సంచిలో వేసుకుని రెండు బస్సులు మారి ప్రాక్టీస్‌కు వెళ్తున్నాడు.

ఇకమీదట ఏ కోచ్ పతనం గురించి వేసినా, ఆయన చేతికి ఆటగాళ్లను ఎన్ని రోజులిచ్చారో, వాళ్లకు జీతాలు అందాయో లేదో ఆ పక్కనే అచ్చు వేయండి.

- ఒక పాఠకుడు, తిరుమలగిరి, సికింద్రాబాద్