2024–25 జమా ఖర్చుల వివరణ: మందులు ఉచితమే, ఆసుపత్రి దాకా వెళ్లడానికే ఖర్చు

హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాల కోసం మా సహాయ కమిటీ 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వసూలు చేసిన సొమ్ముకూ, ఖర్చు పెట్టిన సొమ్ముకూ ఇది లెక్క. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగానే ఇస్తోంది కదా, మరి ఈ డబ్బంతా దేనికని చందాదారులు కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. పద్దుల వారీగా చెబుతాం.

ముందు జమ. పాత నిల్వ 18,450. సభ్యులు 42 మంది నెలకు 200 చొప్పున కట్టాల్సింది 1,00,800. వచ్చింది 94,600, ఇంకా బకాయి 6,200. కళ్లాల దగ్గర రైతులు ఇచ్చింది 61,500. మిర్చి ధర పడిపోయిన ఏడాది ఇంత రావడమే ఎక్కువ. విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న ఊరివాళ్ల నుంచి 75,000. బ్యాంకు వడ్డీ 1,132. మొత్తం జమ 2,50,682 రూపాయలు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒకరు 20,000 పంపుతామంటే వద్దన్నాం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. పౌరసత్వం మారితే అది విదేశీ విరాళం కింద లెక్క, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, అది మాకు లేదు.

ఇక ఖర్చు. మా రిజిస్టరులో ఉన్నది 27 మంది. ఆరోగ్యం నిలకడగా ఉన్న 8 మందికి ఆసుపత్రిలో మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు, వాళ్లవి 32 ప్రయాణాలు. మిగతా 19 మంది నెలనెలా వెళ్లాలి, వాళ్లవి 182. మొత్తం 214 ప్రయాణాలు, రానూపోనూ 180 చొప్పున 38,520. పిల్లలకూ, నీరసంగా ఉన్నవాళ్లకూ తోడు వెళ్లిన 36 సార్లకు 6,480. దారి ఖర్చు మొత్తం 45,000.

లెక్క ప్రకారం 19 మందికి 228 ప్రయాణాలు ఉండాలి, 46 తగ్గాయి. అందులో 29 ఏడాది మధ్యలో చేరినవాళ్లవి. మిగిలిన 17 సార్లూ మందులకు వెళ్లాల్సిన వాళ్లు వెళ్లలేదు. వాటిలో 13 జనవరి–మార్చి మధ్యవే, అంటే మిర్చి కోతలప్పుడు. పోయిన కూలికి మేమిచ్చింది రోజుకు 300, కోతల కూలి అంతకన్నా ఎక్కువ. నష్టపోయి ఆసుపత్రికి ఎవరు వెళతారు? తప్పు మాదే. మందు మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, అది మందుకు మొండికేసే ప్రమాదమూ ఉంది. ఈసారి కోతల మూడు నెలలూ 450 ఇవ్వాలని తీర్మానించాం. 2024–25లో కూలి నష్టం కింద 118 రోజులకు 35,400 అయింది. మందులిచ్చే రోజు, వైరల్ లోడ్‌కు (ఒంట్లో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్షకు) రక్తం తీసే రోజు వేరువేరుగా పడితే రెండు కూలీలు పోతాయి. రెండూ ఒకే రోజు పెట్టమని కౌన్సెలర్‌ను ముందే అడగాలి, అడిగితే చాలాసార్లు కుదురుతోంది.

తిండి పద్దు 68,040. తొమ్మిది ఇళ్లకు నెలకు ఒక అట్ట గుడ్లు 180, రెండు కిలోల కందిపప్పు 320, కిలో పల్లీలు 130, కలిపి 630 చొప్పున పన్నెండు నెలలు. మొదట్లో సరుకులన్నీ ఒకే ఆదివారం ఒకేచోట పంచాం. గుడ్ల అట్ట చేతిలో ఉన్నవాళ్లెవరో వీధి వీధంతా లెక్కపెట్టింది. ఇప్పుడు కిరాణా కొట్టుకు పేరు బదులు నంబరు రాసిన చీటీ ఇస్తున్నాం, వీలున్నప్పుడు వెళ్లి తెచ్చుకుంటున్నారు. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు కూడా ఒకసారి "ఏఆర్‌టీ చార్జీలు" అని రాసి పంపారు. ఆ ఫోను ఇంట్లో అందరూ చూసేదే. ఇకమీదట "సాయం" అన్న మాట తప్ప ఇంకేమీ రాయకూడదు.

బయట చేయించిన రక్తపరీక్షలు, స్కానింగ్‌లకు 7,850. ఆరుగురు పిల్లల చదువుకు 4,500 చొప్పున 27,000. వీళ్లలో ముగ్గురికి పిల్లల సంరక్షణ కోసం ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 కోసం దరఖాస్తు పెట్టించాం.

పత్రాల ఖర్చు 14,600, ఐదు ఇళ్లకు. భర్త పోయాక పొలం కాగితాలు అత్తింటివాళ్ల దగ్గరే ఉండిపోవడం ఈ జబ్బున్న ఇళ్లలో మామూలైపోయింది. మరణ ధ్రువపత్రం, ఆ తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దాని మీద పొలం పాస్‌బుక్ మార్పు: ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. తండ్రి ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే ముందు అది సరిచేయించాలి. తల్లిదండ్రులిద్దరూ లేని ఇంట్లో 12 ఏళ్లు నిండి, ఇల్లు నెట్టుకొస్తున్న అక్కో అన్నో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బడి, వైద్యం, బ్యాంకు పనుల్లో సంరక్షకులుగా ఉండొచ్చని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. కౌంటర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ఆ సెక్షన్ కాపీ వెంట తీసుకెళ్లాలి.

పింఛను గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకిచ్చే పింఛను నెలకు 4,000, వితంతు పింఛనూ 4,000. అందుకే భర్త లేని ఆడవాళ్లు రెండోదే అడుగుతున్నారు. డబ్బు అంతే వస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. తెలివైన పనే.

రెండు అంత్యక్రియలకు 8,000 చొప్పున 16,000. ఊళ్లో ఇంకెవరు పోయినా పాడె మోయడానికి పది మంది వస్తారు. ఇక్కడ బండికీ, మనుషులకీ డబ్బిచ్చి పిలవాల్సి వచ్చింది. రసీదు పుస్తకాలు, ఆడిట్, ఫోను, బ్యాంకు చార్జీలకు 6,940.

మొత్తం ఖర్చు 2,20,830. నిల్వ 29,852: బ్యాంకులో 27,352, చేతిలో 2,500. ఆడిట్‌లో దొరికిన తప్పు ఒకటుంది. ఒకే నంబరుకు మూడు ప్రయాణాల డబ్బు, 540, రెండుసార్లు ఇచ్చాం. తర్వాతి నెలల చార్జీల్లో మినహాయించాం, పై మొత్తం సరిచేసిన తర్వాతిదే.

వోచర్లలో పేర్లు ఎందుకు లేవని అడిగేవాళ్లకు: 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న ఆ హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ ఉందన్న విషయం బయటపెట్టకూడదు. ప్రతి వోచరు మీదా నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే పుస్తకం బీరువాలో ఉంది, తాళాలు రెండూ ఇద్దరి దగ్గర. ఆడిటరు గదిలో కూర్చుని చూశారు, ఫొటో తీసుకోలేదు. చందాదారులు వోచర్లన్నీ చూడొచ్చు, ఆ పుస్తకం మాత్రం చూపించం.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కాబట్టి దారి ఖర్చు కొంత తగ్గుతుంది. మిగిలినది కోతల నాటి 450కి మళ్లిస్తాం. బకాయి 6,200 డిసెంబరులోగా కడితే జనవరి కూలికి అందుతుంది.