నాన్న సిబిల్ చెడింది, నీ ఫీజు ఆగదు

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీర్వదించి రాసేది.

కన్వీనర్ కోటాలో సీటొచ్చింది, సంతోషం. ఫీజు సంగతి ఫోన్లో చెబితే సగం సిగ్నల్ మింగేస్తుంది, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బ్యాంకుకు పోయేటప్పుడు ఇది నీ ఫైల్లో ఉండాలి.

ముందు లెక్క. కాలేజీ ఫీజు 1,00,000, హాస్టల్ 80,000. ఏడాదికి 1,80,000, నాలుగేళ్లకు 7,20,000. ఈ మొత్తం ఏడున్నర లక్షల లోపే ఉండటం మనకు కలిసొచ్చింది. ఏడున్నర వరకు చదువు రుణాలకు కేంద్రం పెట్టిన గ్యారంటీ నిధి ఉంది. రేపు అప్పు మొండిబాకీ అయితే అందులో 75 శాతం దాకా ఆ నిధి బ్యాంకుకు ఇస్తుంది. ఆ గ్యారంటీ కింద ఇచ్చే రుణానికి పొలం కాగితాలు తాకట్టు పెట్టించుకోకూడదు, మూడో మనిషి జామీనూ అడగకూడదు. నాలుగు లక్షల లోపు రుణానికైతే తాకట్టు తీసుకోవద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. కాబట్టి మనకు అడ్డొచ్చేది ఆస్తి లేకపోవడం కాదు, నా పేరు.

చదువు అప్పులో అసలు రుణగ్రహీతవి నువ్వు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. ఎవరు ఏ అప్పు ఎలా కట్టారో రాసిపెట్టే సంస్థ సిబిల్. బ్యాంకు ఇద్దరి సిబిల్ రిపోర్టులూ తీస్తుంది. నీకు ఇంతవరకు అప్పే లేదు కనుక స్కోరు దగ్గర -1 అనో ఎన్‌హెచ్ అనో వస్తుంది. అంటే చరిత్ర లేదని అర్థం, చెడ్డదని కాదు. కౌంటర్లో ఎవరైనా అది చూసి మొహం చిట్లిస్తే నువ్వు బెదిరిపోవద్దు.

నా రిపోర్టులో రెండు మచ్చలున్నాయి. ఒకటి పంట రుణం. మాఫీ వస్తుందని రెన్యువల్ ఆపినవాళ్లందరిదీ ఇదే కథ. 2024లో మన తెలంగాణ సర్కారు ఇచ్చిన మాఫీ 2 లక్షల వరకే. అంతకు మించి బాకీ ఉన్నవాళ్లు పై మొత్తం ముందు కట్టాలన్నారు, కట్టలేనివాళ్ల ఖాతా ఓవర్‌డ్యూలోనే ఉండిపోయింది. మాఫీ ప్రకటన వేరు, బ్యాంకు పుస్తకంలో ఖాతా మూతపడటం వేరు. సిబిల్‌కు రెండోదే లెక్క. ఇంకో మచ్చ క్రెడిట్ కార్డుది. బాకీలో కొంత వదిలేసి మిగతాది కట్టించుకున్నారు. దాన్ని రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని రాయరు, ‘సెటిల్డ్’ అని రాస్తారు. బాకీ తీరిందని మనం అనుకుంటాం. చదివే మేనేజరుకు మాత్రం ‘పూర్తిగా కట్టలేదు’ అనే వినిపిస్తుంది. ఆ ముద్ర ఏళ్ల తరబడి పోదు.

రెండింటికీ మందు ఒకటే, అయితే నిదానంగా పనిచేస్తుంది. పంట రుణం బకాయి కట్టి రెన్యువల్ చేయించాలి. కార్డు సంస్థ వదిలేసిన మొత్తం కూడా కట్టి, బాకీ లేదని లెటర్ తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్చమని రాతపూర్వకంగా అడగాలి. ఆ పని నాది. కట్టాక కూడా రిపోర్టు మారకపోతే సిబిల్ సైట్లో ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ సిబిల్ తనంతట తాను ఏదీ దిద్దదు, బ్యాంకును అడిగి బ్యాంకు చెప్పిందే రాస్తుంది. అందుకే ఫిర్యాదు రెండు చోట్లా పెట్టాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. స్కోరు పెంచిపెడతామని డబ్బడిగే ఏజెంట్లు చేసేదీ ఇదే ఫిర్యాదు. దానికి పైసా ఖర్చు లేదు. పూర్తి రిపోర్టు కూడా ఏడాదికోసారి ఉచితం. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తులు పెడితే మాత్రం తగ్గుతుంది.

ఇదంతా ఫీజు గడువు లోపు అయ్యే పని కాదు. అందుకే సహ రుణగ్రహీతగా అమ్మ సంతకం పెట్టాలి.

అమ్మ పేరు శుభ్రంగా ఉందని ముందే అనుకోవద్దు, రిపోర్టు తీసి చూడు. సిబిల్ ఒక్కటే చాలదు, అలాంటిదే ఇంకో సంస్థ క్రిఫ్ హైమార్క్‌ది కూడా తీయాలి. వారం వారం కట్టే మైక్రోఫైనాన్స్ అప్పులు అక్కడ బాగా కనిపిస్తాయి. డ్వాక్రా గ్రూపు కంతులు ఏమైనా ఆగాయా, పిన్ని తీసుకున్న అప్పుకు అమ్మ జామీను సంతకం పెట్టిందా, అదీ చూడు. జామీను పడిన అప్పు జామీనుదారు రిపోర్టులోనూ వస్తుంది. ఈ ఊళ్లో చాలామందికి ఆ సంగతి తెలియదు. అమ్మ రిపోర్టులో ఏమీ లేకపోతే అదే మేలు.

కొన్ని శాఖల్లో తల్లిదండ్రులిద్దరి సంతకాలూ అడుగుతారు. అప్పుడు నా సంగతి దాచొద్దు, పాన్ నంబరు కొట్టగానే అంతా బయటపడుతుంది. కట్టిన రసీదులు, బాకీ లేదన్న లెటర్, ఏం జరిగిందో చెప్పే అర పేజీ వివరణ దరఖాస్తుతోనే ఇచ్చెయ్యి.

నీకు పద్దెనిమిది నిండేది ఎప్పుడో కూడా చూసుకో. నిండకపోతే అప్పు కాగితాల మీద తల్లిదండ్రులే సంతకం పెడతారు, నువ్వు మేజరయ్యాక ఒప్పుకోలు లేఖ ఇస్తావు. అప్పుడు మా పేర్ల బరువు ఇంకా పెరుగుతుంది. పుట్టినరోజుకు వారం పది రోజులే ఉంటే, మొదటి విడత ఫీజు వేరేగా సర్ది, పద్దెనిమిది నిండిన మర్నాడు దరఖాస్తు పెట్టడం మంచిది.

కాగితాలు ఇవి: పది, ఇంటర్ మెమోలు, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, సీటు అలాట్‌మెంట్ ఆర్డరు, బోనఫైడ్, నాలుగేళ్ల ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద (హాస్టల్ విడిగా చూపించాలి, లేదంటే ట్యూషన్ ఫీజుకే మంజూరు చేసి చేతులు దులుపుకుంటారు), ఇద్దరి ఆధార్, పాన్, మీసేవ ద్వారా తహశీల్దారు ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్. దరఖాస్తు చదువు రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్లోనే పెట్టు. చేతికిచ్చిన దరఖాస్తు సొరుగులో ఉండిపోతుంది, పోర్టల్లో పెట్టినదానికి తేదీ ఉంటుంది, నంబరు ఉంటుంది.

‘మీ నాన్న సిబిల్ బాగా లేదు, రాదమ్మా’ అని నోటిమాటగా పంపించేస్తే లేచి రావొద్దు. కారణం రాసిమ్మని మర్యాదగా అడుగు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు రుణాన్ని తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి ఉండాలి, కారణం విద్యార్థికి తెలపాలి. మీ ఊరు మా శాఖ పరిధిలోకి రాదన్న సాకుతో కూడా తిప్పి పంపకూడదు. తల్లిదండ్రుల స్కోరు బాగా లేదన్నది చదువు రుణం తిరస్కరించడానికి కారణం కాకూడదని, చదివాక విద్యార్థి తీర్చగలడా అన్నదే చూడాలని కేరళ హైకోర్టు 2020లో చెప్పింది. ఆ తీర్పు ఇక్కడి బ్యాంకులను నేరుగా కట్టేయదు. అయినా ఒక కాపీ దరఖాస్తుకు జత చెయ్యి, చదివే మేనేజర్లూ ఉంటారు. అక్కడా కాకపోతే జిల్లాలో బ్యాంకుల పనిని కలిపి చూసే లీడ్ బ్యాంక్ మేనేజర్ గారిని కలువు, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వు. బ్యాంకుకు ఫిర్యాదు పెట్టిన 30 రోజుల దాకా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో రాయొచ్చు. అప్పు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో అంబుడ్స్‌మన్ వేలు పెట్టరు. ఆలస్యం చేశారు, జవాబివ్వలేదు అనేవే రాయి.

ఇక సర్కారు సాయం. ఆదాయ సర్టిఫికెట్ పల్లెవాళ్ల పరిమితి లక్షన్నర లోపు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో పెట్టు. నీ ర్యాంకు పదివేలు దాటింది కనుక ఏడాదికి 35,000 మాత్రమే వస్తుంది, నాలుగేళ్లకు 1,40,000. పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే కేంద్రం జాబితాలో ఉన్న కాలేజీలకే అది, వేరే సర్కారు స్కాలర్‌షిప్ వచ్చేవాళ్లకు ఇవ్వరు. మన 7,20,000 మీద ఆ 3 శాతం, చదివే కాలానికీ తర్వాతి ఏడాదికీ లెక్కేస్తే 75,600 అవుతుంది. లక్షా నలభై వేలు వదులుకుని దాని వెంట పడటం దండగ. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్లకు, గుర్తింపున్న సాంకేతిక కోర్సుల్లో చదువు కాలం వడ్డీ మొత్తం భరించే పథకం వేరేగా ఉంది. రీయింబర్స్‌మెంటూ ఈ పథకమూ కలిపి తీసుకోవచ్చా అని బ్యాంకులో రాసి అడుగు. మధ్యలో చదువు మానేసినా, కాలేజీవాళ్లు తీసేసినా ఆ రాయితీ పోతుంది.

రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని రుణం తక్కువకు మంజూరు చేయించుకోవద్దు. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక, ఈలోగా కాలేజీ నీ దగ్గరే వసూలు చేస్తుంది. పూర్తి 7,20,000 ఖర్చును లెక్కలోకి తీసుకునే మంజూరు చేయించు, ఏటా కావలసినంతే తీసుకో. తీసుకోని దానికి వడ్డీ పడదు. రుణం నాలుగు లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం మన వాటా ఉండాలి, ఏడాదికి 9,000. స్కాలర్‌షిప్‌ను ఆ వాటా కింద చూపించొచ్చు. స్కాలర్‌షిప్ పడే ఖాతా నీ ఒక్కదాని పేరనే, నా పంట రుణం లేని బ్యాంకులో తెరువు. నా ఖాతాలో పడితే బకాయి కింద జమ చేసుకున్నా ఆశ్చర్యం లేదు.

వడ్డీ సంగతి. పది శాతం అనుకుందాం, మన వాటా తీసెయ్యకుండా పూర్తి మొత్తం మీదే లెక్క వేస్తున్నాను. చదివే నాలుగేళ్లు, ఆపైన ఏడాది, సాధారణ వడ్డీ పడుతుంది. ఏటా 1,80,000 తీసుకుంటే మొత్తం వడ్డీ 2,52,000. అప్పటిదాకా ఏమీ కట్టకపోతే 9,72,000 మీద వాయిదాలు మొదలవుతాయి, పదిహేనేళ్లకు నెలకు దాదాపు 10,450. వడ్డీ ఎప్పటికప్పుడు కడుతూ వస్తే 7,20,000 మీదే, నెలకు దాదాపు 7,740. మొదటి ఏడాది వడ్డీ నెలకు 1,500, అది నేను కడతాను. నాలుగో ఏడాది 6,000 అవుతుంది, అప్పుడు మాత్రం చూడాలి. చదువు కాలంలో వడ్డీ కడితే ఒక శాతం తగ్గించే బ్యాంకులున్నాయి, సంతకానికి ముందే అడుగు.

మంజూరు ఆలస్యమై మొదటి ఫీజుకు సర్దాల్సి వస్తే అమ్మ గొలుసు బ్యాంకులో పెడదాం. బంగారం మీద అప్పుకు స్కోరు పెద్దగా చూడరు. నా బాకీ ఉన్న బ్యాంకులో మాత్రం పెట్టకూడదు, విడిపించుకునేటప్పుడు పాత బాకీ కడితేనే గొలుసు అంటారు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షా ఎనభై వేలకు నెలకు 3,600 వడ్డీకే పోతుంది. ఫోన్ యాప్‌లో అప్పు జోలికి అసలు పోకు. కట్టిన ఫీజు రసీదులన్నీ దాచు, బ్యాంకు ఒప్పుకుంటే ఆ మొత్తం రుణంలోంచి తిరిగిస్తారు.

ఏటా విడత దానంతటదే రాదు. మార్కుల మెమో, కొత్త ఏడాది ఫీజు డిమాండు లెటర్ శాఖలో ఇస్తేనే కాలేజీకి పంపుతారు. జూన్‌లోనే ఇచ్చెయ్యి. ఈ అప్పు నీ రిపోర్టులోనూ అమ్మ రిపోర్టులోనూ కనిపిస్తుంది, వాయిదా తప్పితే ఇద్దరికీ పడుతుంది.

నేను సోమవారం మీసేవకు పోయి ఆదాయ సర్టిఫికెట్‌కు పెడతాను. నువ్వు వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎనిమిది తీసుకురా. పాన్ కార్డులో నీ పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో ఈ రాత్రే చూడు. ఇంటిపేరు ఒక దాంట్లో పొట్టి అక్షరంతో, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

మీ నాన్న