జులై అలాస్కా ట్రిప్‌లో ట్రేసీ ఆర్మ్ ఉండదు, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. జులై ఫొటో ట్రిప్‌కి డబ్బు కట్టినవాళ్లకి, సియాటిల్ నుంచి ఏటా మాతో వచ్చే పాతవాళ్లకి ఈ విషయం నా నోటితోనే తెలియాలి. ఈసారి మన బోటు ట్రేసీ ఆర్మ్‌లోకి, అంటే కొండల మధ్య లోపలికి చొచ్చుకుపోయిన ఆ సన్నటి సముద్రపు పాయలోకి వెళ్లదు. పక్కనే ఉన్న అలాంటిదే ఎండికాట్ ఆర్మ్‌లోకి, డాస్ గ్లేసియర్ (మంచునది) వైపు వెళ్తుంది. తేదీలు మారవు, ధర పెరగదు. మార్పు నచ్చనివాళ్లకి కట్టిన డబ్బంతా తిరిగి ఇచ్చేస్తాను.

సంగతి ఇదీ. 2025 ఆగస్టు 10న తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో ట్రేసీ ఆర్మ్ చివర ఉన్న సౌత్ సాయర్ గ్లేసియర్ పక్కన కొండచరియ విరిగి నీళ్లలో పడింది. లేచిన అల ఎదుటి కొండ మీద సుమారు 1,500 అడుగుల ఎత్తుకి ఎగబాకింది. అంత మేరా చెట్టూ చేమా లేకుండా గుండు గీసినట్టు ఉత్త రాయి మిగిలింది. ఎక్కడో ముఖద్వారం దగ్గర హార్బర్ ఐలాండ్‌లో టెంట్లు వేసుకున్న కయాకింగ్ వాళ్ల సామాను సైతం కొట్టుకుపోయింది. ప్రాణాలు పోలేదు. ఆ వేళకి టూరిస్టు బోట్లేవీ గ్లేసియర్ దగ్గర లేవు కాబట్టి సరిపోయింది. అదే మధ్యాహ్నమైతే? ఇంజన్ ఆపించి, అందరం డెక్ మీదికి వచ్చి, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి నిలబడే సమయం అది. వెనక ఏం జరుగుతుందో చూసేవాళ్లే ఉండరు.

గ్లేసియర్ నిండుగా ఉన్నంతకాలం పక్క కొండకి అదే ఆసరా. అది కరిగి వెనక్కి తగ్గేకొద్దీ నిటారు గోడకి ఆ ఆసరా పోతుంది. విరిగినచోట ఇంకా నిలకడ లేదని, మళ్లీ జారే అవకాశం ఉందని శాస్త్రవేత్తలు చెప్పారు. అలాస్కాకి ఇది కొత్తా కాదు. 1958లో లిటుయా బేలో కొండ విరిగిపడితే అల 1,720 అడుగులు ఎక్కింది.

ఇంత తెలిసినా ఈ నిర్ణయానికి రావడానికి నాకు చలికాలమంతా పట్టింది. ట్రేసీ ఆర్మ్ అంటే మా ట్రిప్పుకి ప్రాణం. మంచు పలక మీద పిల్లని పక్కలో వేసుకుని పడుకున్న సీల్, వెనక సౌత్ సాయర్ నీలం గోడ: ఆ ఫొటో మీలో ఎంతమంది హాల్లో ఉందో నాకు తెలుసు. ఫ్రేములు కట్టించి ఇచ్చింది నేనే. దాన్ని తీసేస్తే ఇక మమ్మల్ని ఎవరు వెతుక్కుంటూ వస్తారని నిద్ర పట్టేది కాదు. మా ఆయన ఒక్కటే అడిగారు, "మన పిల్లల్ని ఆ బోటు ఎక్కిస్తావా?" అని. జవాబు నాకు వెంటనే తట్టింది. అయినా రెండు వారాలు ఎవరికీ చెప్పలేకపోయాను.

ఇక బోటు యజమాని. దారి మారుద్దామని ముందు నేనే ఫోన్ చేశాను. సరేనన్నాడు. ఆ మాట నమ్మి మిగతా ఏర్పాట్లన్నీ చేసుకున్నాక, మార్చిలో మాట తిప్పేశాడు. ఒప్పందంలో ట్రేసీ ఆర్మ్ అని రాసి ఉందట, అక్కడికైతేనే వస్తాడట. "కొండలు రోజూ కూలవమ్మా, అంత భయమైతే ఇంట్లో కూర్చో" అన్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి వేసవీ మన మనుషుల్ని తెచ్చి అతని బోటు నింపాను. ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. అలాంటి నాతో అనాల్సిన మాటా అది? రద్దు చేసుకున్నాను. ఇచ్చిన అడ్వాన్స్ తిరిగి రాలేదు. అది నా నష్టం, మీ మీద ఒక్క డాలర్ కూడా వేయను.

అంతకంటే నొప్పి పుట్టించింది మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాట. "డీజిల్ మిగుల్చుకోవడానికి అక్క దగ్గర దారి పట్టింది" అని. రెండు పాయలూ వచ్చి కలిసే హోల్కమ్ బే దాకా రెండిటికీ దారి ఒకటే. అక్కడి నుంచి ఎండికాట్ కూడా ముప్ఫై మైళ్ల దాకా లోపలికి ఉంటుంది. మ్యాప్ తీసి చూసుకోండి.

ఎండికాట్‌లో ప్రమాదమే లేదని నేననను. అక్కడా గోడలు నిటారే, డాస్ కూడా వెనక్కి తగ్గుతున్న గ్లేసియరే. కాకపోతే ఈమధ్యే విరిగిన గోడ కింద నిలబడటం అనేది ఉండదు. కొత్త కెప్టెన్‌తో ముందే మాట్లాడుకున్నాను: ఎంత దూరంలో ఆగాలో, ఎప్పుడు తిరగాలో ఆయన ఇష్టం. "ఇంకొంచెం దగ్గరికి పోనీయండి" అని ఎవరూ బతిమాలొద్దు, నేను అసలే బతిమాలను. ఈ కొత్త బోటు కాస్త నెమ్మది, అందుకని పొద్దున ఇంకో గంట ముందు బయల్దేరతాం.

ఫొటోల విషయంలో మీకు లోటు రాదు. మబ్బు పట్టిందని దిగులుపడకండి. ఎండలో వెలవెలబోయే మంచు నీలం మబ్బులో చిక్కగా కనిపిస్తుంది. మంచు బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే కెమెరాలోకి వెలుతురు రెట్టింపు రానివ్వండి. సీల్స్‌కి 500 గజాల దూరం పాటిస్తాం, కాబట్టి 400 ఎంఎం లెన్స్ ఉంటే తెచ్చుకోండి. లేనివాళ్లకి నా దగ్గరున్నవి వంతులవారీగా ఇస్తాను. దారిలో ఫోర్డ్స్ టెర్రర్ ముఖద్వారం వస్తుంది. 1889లో ఫోర్డ్ అనే నావికుడు చిన్న పడవలో లోపలికెళ్లి, పోటు తిరగడంతో సుడుల్లో గంటల తరబడి చిక్కుకుపోయిన చోటు అది. మనం లోపలికి వెళ్లం, బయటి నుంచే తీస్తాం.

జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్, టాంగస్ అడవి రోజులు ఎప్పటిలాగే. అడవికి పోలరైజర్ ఫిల్టర్ మర్చిపోకండి. తడి ఆకుల మీద తెల్లటి మెరుపు తీసేస్తే తప్ప నాచు పచ్చదనం ఫొటోలోకి రాదు. చలిలోంచి క్యాబిన్‌లోకి వచ్చేటప్పుడు కెమెరాని బ్యాగులో మూసే ఉంచండి, లేదంటే లెన్స్‌కి చెమట పడుతుంది.

డబ్బు వెనక్కి కావాలనుకునేవాళ్లు ఈ నెలాఖరులోగా నాకు ఫోన్ చేయండి. కారణం అడగను. వచ్చే ఏడాదైనా ట్రేసీ ఆర్మ్ ఉంటుందా అని ఇప్పటికే కొందరు అడిగారు. ఆ గోడ కుదురుకుందని చదువుకున్నవాళ్లు చెప్పేదాకా ఉండదు. ఈలోగా వేరేవాళ్లు తీసుకెళ్తామంటే వెళ్లడం మీ ఇష్టం, నేను మాత్రం తీసుకెళ్లను.