కొత్త సారథి ఉద్దేశం ప్రవేశాల్లో తెలుస్తుంది

సంపాదకులకు,

నమస్కారం. బిజినెస్ స్కూలుకు కొత్త డైరెక్టరో డీనో వచ్చినప్పుడు పత్రికల్లో వచ్చే వార్తలు పాఠ్యప్రణాళిక, ప్లేస్‌మెంట్లు, పరిశ్రమలతో ఒప్పందాల చుట్టూనే తిరుగుతాయి. ఇకమీదట ఎవరిని చేర్చుకుంటారన్న ప్రశ్న చాలాసార్లు ఎవరూ వేయరు. చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం కామర్స్ బోధించి, ఎంబీఏకు వెళ్లదలచినవారికి దరఖాస్తులు నింపడంలో సాయపడిన వాడిగా నా అభిప్రాయం ఒక్కటే: కొత్త అధిపతి మనసులో ఏముందో ఆయన ప్రవేశాల్లో దేనికి ఎంత విలువ ఇచ్చారో చూస్తే తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలైన ఐఐఎంలలో ఒకటి, కేరళలోని కోజికోడ్ ఐఐఎం ఇందుకు మంచి ఉదాహరణ. 2009లో దేబాషిస్ ఛటర్జీ అక్కడ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఐఐఎంల తరగతి గదుల్లో ఇంజినీరింగ్ చదివిన అబ్బాయిలదే మెజారిటీ. ఐఐఎంల ప్రవేశ పరీక్ష అయిన క్యాట్ స్కోరుతో పాటు విద్యార్థి వెనకటి చదువుకూ, తరగతిలో వైవిధ్యానికీ చోటిచ్చే విధంగా ఎంపిక సాగడంతో 2013లో చేరిన బ్యాచ్‌లో అమ్మాయిలు సగానికి మించారు. ఆయన 2018లో రెండోసారి అదే పదవికి వచ్చారు. ఆ మరుసటి ఏడాది మహిళలకు 60 సీట్లు అదనంగా సృష్టించారు. భవనాలూ పాఠాలూ అవే ఉండగా తరగతి రూపం మారింది. ప్రతిభకు అన్యాయం జరిగిందని అప్పట్లో కొందరు అన్నారు కానీ, క్యాట్‌లో వచ్చిన ఒకటి రెండు పర్సంటైళ్ల తేడా మంచి మేనేజరును పట్టిస్తుందని నేనెన్నడూ నమ్మలేదు.

అమెరికాలో కెల్లాగ్ అనే బిజినెస్ స్కూలుకు డొనాల్డ్ జేకబ్స్ 1975 నుంచి 2001 వరకు డీన్‌గా ఉన్నారు. జట్టుగా పనిచేయడాన్ని ఆయన చదువులో ప్రధానం చేశారు. పదిమందితో కలిసి పనిచేయగలరో లేదో మార్కుల జాబితా చెప్పదు కాబట్టి, దరఖాస్తుదారులందరినీ ఇంటర్వ్యూ చేయాలన్నది అక్కడి పద్ధతి అయింది. చెప్పదలచిన చదువుకూ చేర్చుకునే పద్ధతికీ పొంతన కుదిరింది. అయితే అందుకు ఆయనకు పాతికేళ్ల వ్యవధి దొరికింది.

మన దగ్గర వ్యవధే పెద్ద చిక్కు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉపకులపతి పదవీకాలం మూడేళ్లు, ఎంబీఏ కోర్సు రెండేళ్లు. కొత్తగా వచ్చిన వారికి మొదట ఎదురయ్యే బ్యాచ్ అంతకు ముందున్నవారు చేర్చుకున్నదే. తాము చేర్చుకున్న విద్యార్థులు పట్టా పుచ్చుకుని బయటికి వెళ్లే సమయానికి వీరి పదవీకాలమూ ముగింపుకు వస్తుంది. నాటినవారు ఒకరు, కాయ కోసేవారు ఇంకొకరు అయినచోట ప్రవేశాల గురించి తీరికగా ఆలోచించే ఓపిక ఎవరికి ఉంటుంది?

మన కళాశాలల్లో ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా సీట్లు రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్ ర్యాంకును బట్టే భర్తీ అవుతాయి కదా, అధిపతి చేతిలో ఏముందని పాఠకులు అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. ఐసెట్ 200 ప్రశ్నల్లో కమ్యూనికేషన్‌కు చెందినవి 70. మిగతా విభాగాలు తెలుగులోనూ ఉంటాయి కానీ ఈ విభాగం ఆంగ్లంలో మాత్రమే. పలమనేరు, పుంగనూరు పక్క పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివి, లెక్కల్లో చురుకైన అమ్మాయి వెనకబడేది అక్కడే. ఆ తూకాన్ని మార్చడం ఏ ఒక్క కళాశాల అధిపతి వల్లా కాదు.

అయినా ఆ అమ్మాయి చేరిన తర్వాత మొదటి సెమిస్టరులో భాషకు ప్రత్యేక తరగతులు పెట్టడం, ఏ స్పెషలైజేషన్లు నడపాలో నిర్ణయించడం, ప్రైవేటు కళాశాలల్లో 30 శాతంగా ఉన్న యాజమాన్య కోటాను ఎలా నింపాలో తేల్చడం అధిపతుల ప్రభావం పనిచేసే విషయాలే. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం వంటి ప్రైవేటు సంస్థలకు స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. ఈ ప్రాంతంలో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు, పాడి సంఘాలు, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, తిరుమల యాత్రికుల మీద ఆధారపడిన వందలాది హోటళ్లు ఉన్నాయి. మామిడి మండీలో తండ్రి పక్కన కూర్చుని కమీషన్ లెక్కలు రాసిన కుర్రవాడికీ, స్వయం సహాయక సంఘం పద్దులు చూసిన అమ్మాయికీ ఆ అనుభవం పని అనుభవం కింద ఎందుకు లెక్కకు రాదో నాకు అర్థం కాదు.

ఇంటర్వ్యూలకూ అనుభవానికీ విలువ పెంచితే సిఫారసులకు తలుపు తెరిచినట్టేనని భయపడేవారున్నారు. ఆ భయం అకారణం కాదు. మన ఊళ్లలో ఇంటర్వ్యూ అనగానే ఎవరి ఫోను పనిచేస్తుందని అడిగేవారే ఎక్కువ. అందుకే ఏ అంశానికి ఎన్ని మార్కులో ప్రకటన వెలువడక ముందే ముద్రించి, కనీసం రెండు బ్యాచ్‌ల వరకు మార్చకుండా ఉంచాలి. చేరినవారిలో గ్రామీణులు, మహిళలు, కుటుంబంలో మొదటి తరం పట్టభద్రులు ఎందరో ప్రతి ఏడాదీ ప్రకటించాలి.

తిరుపతి, చిత్తూరు ప్రాంత విద్యాసంస్థలకు ఈసారి కొత్త అధిపతి వచ్చినప్పుడు, మీ విలేకరులు ప్లేస్‌మెంట్ల ప్రశ్నకు ముందే ప్రవేశాల ప్రశ్న అడగాలని, వచ్చిన జవాబును రెండేళ్ల తర్వాత మళ్లీ తీసి సరిచూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
చిత్తూరు