ఎంట్రీ ఫీజు ముందే తీసుకుంటారు, ప్రైజ్ మనీ ఎప్పుడిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది గాజువాక. మా తమ్ముడు డిగ్రీ సెకండియర్, ఫోన్లో బీజీఎంఐ ఆడతాడు, పబ్జీ లాంటి షూటింగ్ గేమ్. టైంపాస్‌కి కాదండి, నలుగురు పిల్లలు ఒక స్క్వాడ్, మావాడు ఐజీఎల్, అంటే ఆటలో చివరిదాకా నిలబడగలిగే చోటు, జోన్ అంటారు, అది ఎటు పడుతుందో చూసి ఎవరు ఎటెళ్లాలో చెప్పేవాడు. రాత్రి పది దాటాక మేడ మీద గదిలోంచి "రైట్‌లో ఇద్దరు, స్మోక్ వెయ్ స్మోక్ వెయ్" అని అరుపులు, కింద నుంచి మా నాన్నగారి కేకలు. మొదట్లో నేనూ తిట్టినదాన్నే.

పోయిన దసరా సెలవుల్లో మద్దిలపాలెం వైపు ఒక హాల్లో టోర్నమెంట్ పెట్టారు, 16 టీములు, టీముకి 1,000 ఎంట్రీ, ఫస్ట్ ప్రైజ్ 25,000, సెకండ్ 12,000 అని పోస్టర్. వసూలయ్యేది 16 వేలు కదా మిగతాది ఎక్కడిదని అడిగితే స్పాన్సర్ ఉన్నాడన్నారు. నేనూ తోడెళ్లాను. 64 ఫోన్లకి ఒకటే రౌటర్, నెట్ స్లో అయ్యి పింగ్ ఎగిరిపోతుంటే పిల్లలు సొంత డేటా ఆన్ చేసుకుని, చెమటకి వేళ్లు జారకుండా పౌడర్ రాసుకుని ఆడారు. ఒక్కో ఫినిష్‌కి, అంటే ఎదుటివాణ్ణి అవుట్ చేస్తే, 1 పాయింట్, మ్యాచ్ గెలిస్తే 10, సెకండొస్తే 6. ఆఖరి మ్యాచ్‌లో మావాళ్లు ఇద్దరే మిగిలారు, చుట్టూ మూడు టీములు, అందరూ ముందుకెళ్దాం అంటుంటే మావాడు "కదలొద్దు, వాళ్లే కొట్టుకుంటారు" అని ఒక గోడ వెనక ఆపేశాడు, అలాగే అయ్యింది, ఆ 10 పాయింట్లతో ఓవరాల్ సెకండొచ్చారు. హెడ్‌ఫోన్స్ తీసేటప్పుడు వాడి చేతులు వణకడం నేను చూశాను. ఆ రోజు నుంచి ఇది ఉత్త ఫోన్ పిచ్చి అని నేను అనలేదు.

వారంలో అకౌంట్‌లో వేస్తాం అన్నారు. వారం నెలయ్యింది, తర్వాత వాట్సాప్ గ్రూప్‌లోంచి మావాళ్లని తీసేశారు, ఇప్పుడు ఫోనే ఎత్తరు. కంప్లైంట్ ఇద్దామని వెళ్తే అక్కడున్నాయన పూర్తిగా వినకుండానే "బెట్టింగ్‌లో పోయిన డబ్బులకి మేమేం చేస్తామమ్మా" అన్నారు. నాకు డబ్బు పోయినదానికంటే ఈ మాటే ఎక్కువ బాధేసింది.

బెట్టింగంటే భయం నాకూ తెలుసండి, రమ్మీ యాప్‌లో పడి బండి అమ్ముకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, మన రాష్ట్రం 2020లోనే అలాంటివి బ్యాన్ చేసింది, మంచి పని చేసింది. కానీ 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపేస్తూనే ఈస్పోర్ట్స్‌ని, అంటే ఇలా పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లని, వేరుగా చెప్పింది, పోటీలో చేరడానికి ఎంట్రీ ఫీజు కట్టొచ్చు, ఆడినదాన్ని బట్టి ప్రైజ్ మనీ ఇవ్వొచ్చు, పందెం మాత్రం ఉండకూడదు అని. అంతకుముందే 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ని స్పోర్ట్స్ శాఖ కింద పెట్టింది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇది ఉత్త డెమో ఈవెంటే, అక్కడ మన దేశం కుర్రాడు తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు, తర్వాతి ఏషియన్ గేమ్స్ జరిగిన చైనాలోని హాంగ్‌ఝౌలో అయితే ఏకంగా మెడల్ ఈవెంట్ చేశారు. ఇదంతా కౌంటర్లో కూర్చున్నాయనకి ఎవరు చెప్తారు?

2024 జూన్‌లో బీజీఎంఐ పెద్ద టోర్నమెంట్ బీజీఐఎస్ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగితే మా తమ్ముడు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లొచ్చాడు, మొత్తం ప్రైజ్ పూల్ 2 కోట్లు, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది, వచ్చి వారం రోజులు అదే కబుర్లు. కొరియాలో బుసాన్ అని మనలాగే పోర్టూ బీచూ ఉన్న ఊరు, 2004లో అక్కడ గ్వాంగళ్లి బీచ్‌లో స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్ ఫైనల్ పెడితే లక్ష మంది దాకా వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఇప్పుడు ఆ ఊళ్లో ఈస్పోర్ట్స్‌కని అరీనానే ఉంది. మన ఆర్‌కే బీచ్ ఏం తక్కువ? ప్రో కబడ్డీ వచ్చింది, విమెన్ వరల్డ్ కప్ మ్యాచులు వచ్చాయి, విశాఖ అన్నిటికీ చోటిచ్చింది.

అరీనా ఇప్పుడే కట్టమనట్లేదు నేను. హాల్ అద్దెకిచ్చేవాళ్లు, కాలేజీల వాళ్లు, పర్మిషన్ ఇచ్చే అధికారులు ఒక్క పని చేస్తే చాలు, ప్రైజ్ మనీ మొత్తం ముందే బ్యాంకులో వేసి రసీదు చూపిస్తేనే టోర్నమెంట్‌కి ఓకే అనాలి. జిల్లా క్రీడాశాఖ వాళ్లు నిర్వాహకుల పేరూ అడ్రసూ రాసి పెట్టుకోవాలి, ఎగ్గొడితే ఎవరి తలుపు కొట్టాలో పిల్లలకి తెలియాలి కదా.

వచ్చే నెల ఇంకో టోర్నమెంటట, పోస్టర్ వాట్సాప్‌లో తిరుగుతోంది, ఈసారి ఎంట్రీ 1,500. స్లాట్ బుక్ చేద్దామా అక్కా అన్నాడు మా తమ్ముడు. ప్రైజ్ మనీ ఏ అకౌంట్‌లో పెట్టారో ముందు కనుక్కోమన్నాను. మెసేజ్ పెట్టి నాలుగు రోజులయ్యింది, బ్లూ టిక్ పడింది గానీ జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక అక్క, గాజువాక, విశాఖపట్నం
(పేరు వెయ్యొద్దని మనవి)